గ్రంథాలయమున గృహిణి కొలువు

గజేంద్రమోక్షము చదివిన సోదరీమణులకు స్థానబలమన నేమో వేఱుగా చెప్ప నక్కఱలేదు. అంతటి యేనుగును మొసలి లాగగలిగినది మడుగులో నుండుటచేతనే కాని దేహబలముచేత కాదు. మనుష్యులు చేయు పనికిని ఈ న్యాయమే వర్తించును. మనిషి యొక్కటే, పని యొక్కటే. ఒకచోట సాగును, వేఱొకచోట సాగదు. ఈ సంగతి మాకు పుస్తకమువలన గాక మా వంటయింటివలన తెలియవచ్చినది. అది తెలిసిన విధమును, తెలిసిన పిమ్మట మేము చేసికొన్న యేర్పాటును సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌను విధింపబడిన నాటినుండి ‘వర్కు ఫ్రమ్ హోమ్’ అను మాట మన చిన్న యూళ్లలో గూడ వాడుకలోనికి వచ్చినది. ఆఫీసునకు పోకయే, ఇంట కూర్చుండి కంప్యూటరుమీద చేయు కొలువునకు ఆ పేరు. అంతకుముందు పట్టణములందలి యే కొందఱికో తెలిసిన యీ పద్ధతి ఎందఱో గృహిణుల కొక జీవనోపాయమైనది. లెక్కలు వ్రాయువారు, పాఠములు చెప్పువారు, అనువాదములు చేయువారు మన వీధులలోనే కలరు. మా పని మఱింత చిన్నది. పాఠశాల పుస్తకముల ప్రూఫులు దిద్దుదుము. ప్రచురణకర్తలు పుటలను కంప్యూటరుద్వారా పంపుదురు. దిద్ది పంపినచో పుటకింత యని యిత్తురు. చిన్ననాడు మా నాయనగారు ఇంటనే భారత భాగవతములును వ్యాకరణమును చెప్పియుండుటచేత ఈ పని మాకు దొరకినది. ఉపాధ్యాయులైన మా వారి జీతమునకు తోడుగా పిల్లల చదువులకు ఇది అక్కఱకు వచ్చుచున్నది.

మా యిల్లు చిన్నది. ముందుగదిలో కిటికీయొద్ద బల్ల వేసికొని కూర్చుండినచో వీధిని పోవువారికెల్ల మేము కనబడుదుము. కనబడినవారు మేము తీఱికగా నున్నామని తలచి లోనికి వత్తురు. గ్యాసుబండ తెచ్చినవాడును, ప్రక్కయింటి తాళపుచెవికై వచ్చిన వారి బంధువులును మా తలుపే తట్టుదురు. అత్తగారికి రక్తపుపోటు మాత్ర వేళకు ఈయవలెను. కుక్కరులో పప్పుండును; మూడవ విజిలునకు లేవవలెను. ఒక్కొక్కటి రెండు నిమిషముల పనియే. కాని అచ్చుతప్పును వెదకు కన్ను ఒకసారి వాక్యమునుండి తొలగినచో మరల ఆ చోటికే వచ్చి చేఱుట దుర్ఘటము. బడికి పోయిన మా వారిని చింతపండు డబ్బా ఎచ్చట నున్నదని యెవ్వరును ఫోనుచేసి యడుగరు. ఆయన పనిలో నున్నారని యెల్లరకును తెలియును. మేమో, ఇంట నున్నాము. ఇంట నున్న స్త్రీ చేయునది పని యని తోచుటకు ఎదుటివారి కేమి గుర్తు కలదు? వారి దోషమును లేదు. పలుమాఱు లేచుచు కూర్చుండుచు మా పనిని మేమే పనిగా నెంచకుంటిమి.

ఒకనాడు దాని ఫలము చేతికందినది. మూడవ తరగతి వాచకములో నొక పాఠము. గృహస్థు అతిథులకు విందు పెట్టెనని యుండవలసినచోట మందు పెట్టెనని యుండెను. ఒక్క యక్షరము. మందు పెట్టుట యన నేమో తెలుగు స్త్రీలకు చెప్ప నవసరము లేదు. పసివాండ్ర పుస్తకమున సద్గృహస్థుడు ఇంటికి వచ్చినవారికి విషము పెట్టినట్లయ్యెను! మేము ఆ పుటను రెండుమాఱులు చూచియు దాటిపోతిమి. అదృష్టవశమున ముద్రణకు ముందు వేఱొకరి కంటబడినది. ప్రచురణకర్తలు మర్యాదగానే వ్రాసిరి; ఇట్టిది మరల జరిగినచో పని వేఱొకరికి ఈయవలసివచ్చు ననియు వ్రాసిరి. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. పోవునది డబ్బు మాత్రమే కాదు. నాయనగారు నేర్పిన విద్యకు లోకమున దొరకిన యొక్క చోటు గూడ పోవునని భయము.

మఱునాడు మా వారు, గ్రంథాలయమునకు పోయి చేసికొనరాదా యనిరి. అత్తగారు వెంటనే, “ఇంట్లో చోటు లేదా అమ్మాయ్? పదిమందిలో కూర్చుని చేసే పనేమిటి?” అనిరి. “అమ్మా, నేను రోజూ బడికి పోవడం లేదూ? ఇదీ అలాంటిదే” అని మా వారు నవ్వుచు సమాధానము చెప్పిరి. ఆమె మఱి మాటాడలేదు. సమ్మతించినట్లును మాకు తోపలేదు.

మా పేటలోని శాఖా గ్రంథాలయము ఉదయము 8 గంటలు మొదలు 11 వఱకును, సాయంకాలము 4 మొదలు 7 వఱకును తెఱచియుండును. ఆ రెండువేళలును గృహిణికి పొయ్యియొద్ద తెమలని వేళలు. మగవారు బడులకును ఆఫీసులకును పోయి, ఇల్లు సర్దుకొని, మన కొకింత తెఱపి దొరకు పదునొకండు మొదలు నాలుగు వఱకు దానికి తాళము. అందుచేత బస్సెక్కి, దినమెల్ల తెఱచియుండు జిల్లా కేంద్ర గ్రంథాలయమునకు పోవ నిశ్చయించితిమి. వారమునకు మూడుదినములు; పదునొకండునకు బయలుదేఱి, పిల్లలు బడినుండి వచ్చు వేళకు ఇల్లు చేఱునట్లు ఏర్పాటు.

మొదటిదినమున లోపలికి అడుగిడుటకు జంకితిమి. వార్తాపత్రికల బల్లయొద్దనున్న వృద్ధులు తలలెత్తి చూచిరి. చూచి మరల పత్రికలలో మునిగిరి. అంతే. ఆ క్షణమున మా బరువు సగము దిగినది. “కూర్చోండమ్మా. లాప్‌టాప్ పెట్టుకోవచ్చు. ఫోను మాత్రం బయట మాట్లాడుకోండి” అని గ్రంథపాలకుడు చెప్పెను. మేము గోడదగ్గఱ నొక కుర్చీలో కూర్చుంటిమి. చుట్టును నలువదిమంది యున్నను, వారిలో నొక్కరికైనను మాతో పనిలేదు. పెండ్లియైన పిదప నిట్టి దొక గంట మాకు దొరకుట అదియే మొదటిసారి యేమో. ఇంట దినమంతయు కూర్చున్నను పండ్రెండు పుటలు దాటనివారము, ఆనాడు మూడు గంటలలో ఇరువది పుటలు ముగించితిమి. మరునాడు తిరిగి చూచుకొనగా వానిలో విడిచిన తప్పొక్కటే కనబడినది.

మఱియొక లాభమును మేము ముందుగా నెంచనిది. ఇంట మాకున్నది నాయనగారిచ్చిన శబ్దరత్నాకర మొక్కటే. గ్రంథాలయమున సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములు వరుసగా నున్నవి. పదమునకు సందేహము వచ్చినచో ఫోనులో వెదకి, అచ్చట కనబడిన తప్పునే మరల పట్టుకొనుట కంటె, లేచి నాలుగడుగులు వేసి బీరువా తెఱచి చూచుట యెంత సుఖము! కన్నులకును కాళ్లకును అదియే విశ్రాంతి. చోటు మాఱినంతనే బుద్ధి తేఱుననుట కేవల మాట కాదని మాకు తెలిసినది.

అయినను ఈ సుఖమునకు ముల్లొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. రెండవ వారమున మేము చార్జి పెట్టుకొను వీలున్న మూలబల్లను చేఱి పని సాగించుచుంటిమి. అరగంటకు తలయెత్తి చూడగా నొక బాలిక కిటికీని ఆనుకొని నిలిచి పుస్తకము చదువుచున్నది. కుర్చీ లన్నియు నిండియున్నవి. మా లాప్‌టాపు, నిఘంటువు, భోజనపు డబ్బా, నీళ్లసీసా, గొడుగు కలసి రెండు కుర్చీల మేర నాక్రమించియున్నవి. సిగ్గుతో సర్దుకొని పిలిచితిమి. “పర్వాలేదక్కా, మీ పని అయ్యాకే కూర్చుంటాను” అనినది. ఉపాధ్యాయోద్యోగమునకై డీఎస్సీ పరీక్షకు చదువుచున్న దట. దూరపు పల్లెనుండి తెల్లవాఱుబస్సున వచ్చును. ఇంట నొక్కటే గది. టీవీ, తమ్ముళ్లు, పశువుల పని. ఈ కుర్చీ దొరకనిచో ఆ దినమున ఆమెకు చదువు లేదు.

ఆమెకు త్రికసంధి కొఱుకుడు పడకుండెను. ‘ఆ కన్య’ యనునది ‘అక్కన్య’ యెట్లయ్యెనో బయటి వేపచెట్టుక్రింద పది నిమిషములలో చెప్పితిమి. త్రికమునకు పరమైన హల్లు ద్విత్వమగు ననియు, ద్విత్వము పరమగుటచేత దీర్ఘము హ్రస్వమగు ననియు రెండు మెట్లుగా చెప్పగా ఆమె ముఖము వికసించినది. కాని యింటికి పోవుచు బస్సులో మేము ఆలోచించిన ప్రశ్న వేఱు. చదువరులకై కట్టిన యింట డబ్బు తెచ్చు పని చేసికొనుట ధర్మమా? పేదబాలిక నిలిచియుండగా కూర్చుండుటకు మా కేమి హక్కు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు గ్రంథాలయముల చరిత్రమునే చదివితిమి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దాని స్థాపకులలో నొకరు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. వారి అక్కగారే భండారు అచ్చమాంబగారు. బడి యెఱుగక తమ్మునితోడి చదువుచే విద్య గడించి, అబలాసచ్చరిత్ర రత్నమాలను వ్రాసిన విదుషి. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయ మేర్పడినది. 1914 ఏప్రిలులో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి పూనికచే ఆ నగరముననే ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టినది. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువవెంట పడవలో పుస్తకములు పెట్టి పల్లెలకు పంపిరి. పుస్తకము చదువరిని వెదకికొని పోవలెనే కాని, చదువరి పుస్తకమునకై దేవులాడరాదని వారి పట్టుదల. మనుష్యుని పనికి పుస్తకము ఉపయోగపడవలెననియే వీరందఱి తపన. బీరువాలో నుండి పూజ లందుకొనుటకు కాదు. గ్రంథాలయశాస్త్రమునకు పితామహులైన రంగనాథన్‌గారు 1931లో చెప్పిన యైదు సూత్రములలో కడపటిదాని భావము గ్రంథాలయము ప్రాణివలె పెరుగుచుండు ననియే. పెరుగు ప్రాణికి క్రొత్త యవసరములు కలుగుట సహజము కదా.

హక్కు మాట కూడ చెప్పవలెను. మనము కట్టు ఇంటిపన్నులో గ్రంథాలయపు సెస్సు కలదు. 1960లో ఆంధ్రప్రదేశమున చేయబడిన గ్రంథాలయ చట్టము ననుసరించి పన్ను రూపాయ యొక్కింటికి 8 పైసల చొప్పున దీనిని వసూలు చేయుదురు; తెలంగాణములోను ఇదియే రేటు. వేయి రూపాయల పన్ను కట్టు ఇల్లు గ్రంథాలయమునకు ఎనుబది రూపాయ లిచ్చుచున్న దన్నమాట. ఆ యింటి వంటయింటిలో నున్న స్త్రీ గ్రంథాలయపు గడప త్రొక్కకపోయినను ఆ పైసలు పోవుచునే యున్నవి. కావున అచ్చట కూర్చుండుట దయగా పొందునది కాదు. అయితే ఆ బాలిక తలిదండ్రులును పన్ను కట్టుచున్నారు. హక్కు సమానమైనప్పుడు అవసర మధికమైనవారికి తావీయవలెను. ఇదియే మేము తేల్చుకొన్న ధర్మము.

ఈ రద్దీ మా యూరిలోనే కాదు. హైదరాబాదున చిక్కడపల్లి గ్రంథాలయము ఉద్యోగపరీక్షలకు చదువు యువతీయువకులతో నిండియుండుటకు పేరుపడినది. వారి నోటిఫికేషను వెలువడినచో ఏ జిల్లా గ్రంథాలయమునను కుర్చీ దొరకదు. అట్టి నెలలలో మేము వారమునకు ఒక్కదినము మాత్రమే పోదుము. అదియు కొందఱు భోజనమునకు లేచు వేళకు. ఒక్క కుర్చీ మేరకు మించి సామాను పఱవము. ఇంటనే చార్జి నిండుగా పెట్టుకొని పోవుదుము గనుక మూలబల్ల మా కవసరము లేదు. వారమున కొకసారి అర్ధగంట వేపచెట్టుక్రింద వ్యాకరణము చెప్పుచున్నాము. ఇప్పుడు వినువారు నలుగురు.

అమెరికాలో నున్న మా పినతల్లి కూతురు, తమ యూరి గ్రంథాలయమున చిన్నచిన్న గదులు కలవనియు, ముందుగా చెప్పియుంచినచో రుసుము లేకయే రెండు గంటలు వాడుకొనవచ్చు ననియు, తానచ్చట కూర్చుండియే తన ఆఫీసుపని చేయుదు ననియు చెప్పినది. ఫిన్లాండు రాజధానియైన హెల్సింకీలో 2018 డిసెంబరున తెఱచిన ఊడి యను గ్రంథాలయమున పనిగదులే కాక కుట్టుమిషనులును వంటశాలయు గూడ కలవట. అంతటి వైభవమును మనము కోరము. నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గు గల గది మన గ్రంథాలయములలో వెనుకవైపు పాతపత్రికలు పేర్చిన చోటనే ఏర్పడగలదు.

ఇట్లు పనికి పోదలచిన సోదరీమణులకు మా యనుభవము కొంత చెప్పెదము. మాటలతో కూడిన పని, అనగా ఫోనులో పాఠము చెప్పుట, మీటింగులలో మాటాడుట మొదలైనవి, గ్రంథాలయమున కూడదు. వానిని ఇంటికే ఉంచుకొనవలెను. వ్రాత, లెక్క, దిద్దుబాటు అచ్చటికి తగినవి. ఇంటర్నెట్టు ఉండునని నమ్మి పోరాదు. కావలసిన పుటలను ముందురాత్రియే దింపుకొనవలెను. పదిమంది వాడు వైఫైలో బ్యాంకు వ్యవహారములు చేయరాదు. లేచి పోవునప్పుడు లాప్‌టాపును మూయకుండ విడువరాదు. సెలవుదినములను ముందుగా కనుగొనవలెను. మేము శుక్రవారమని తెలియక ఒకసారి ఎండలో పోయి తాళము చూచి వచ్చితిమి. అన్నిటికంటె ముఖ్యము, వెళ్లు దినములును గంటలును ఇంటిలో ముందుగా చెప్పియుంచుట. రేపు పోవుదునో లేదో యనువారి పనిని ఎవ్వరును లెక్కసేయరు.

మఱుగుదొడ్డి విషయ మొకటి. స్త్రీలు ఈ మాట పైకి చెప్పలేక, నీరు త్రాగుట మాని కూర్చుందురు. అది ఆరోగ్యమునకు హాని. మేము పోవు చోట స్త్రీల మఱుగుదొడ్డికి తాళము వేసి, చెవి అటెండరు జేబులో నుండెడిది. ఒక నెల సిగ్గుపడి యూరకుంటిమి. పిదప మేమును ఆ పల్లె బాలికయు కలసి అడుగగా తాళపుచెవిని స్త్రీల బల్లయొద్ద మేకునకు తగిలించిరి. అడుగుటయే తడవు. ఇట్లే పది సంతకములతో, మా పేట శాఖా గ్రంథాలయమును వారమున రెండుదినములైనను మధ్యాహ్నము తెఱువవలసినదని విన్నపము వ్రాసి యిచ్చితిమి. ఇంకను జవాబు రాలేదు. మరల వ్రాయుదుము.

మా అత్తగారి మాట చెప్పి ముగించెదము. ఒకనాడు మేము బస్సునకు బయలుదేఱుచుండగా ఎవరో వచ్చి తలుపు తట్టిరి. ఆమె లోపలినుండియే, “మా కోడలు పనికి వెళుతోంది, సాయంత్రం రండి” అనిరి. పనికి! ఎన్నియో యేండ్లుగా ఇంట నుండి చేసిన యీ పనికి ఆ పేరు ఆమె నోట విను టదియే ప్రథమము. వెంటనే మమ్ము పిలిచి, పెద్దయక్షరముల భాగవత మచ్చట నున్నచో తెమ్మని చెప్పిరి. సభ్యత్వపు కార్డుమీద తెచ్చి యిచ్చితిమి. ఇప్పుడు మధ్యాహ్నవేళ ఇంటిలో ఆమెకు ఆమె చదువు, గ్రంథాలయములో మాకు మా పని.

సోదరీమణులారా! ఇంటినుండి కొలువు చేయువారు మీలో నెందఱో కలరు. ఈ మాసమున నొక్కసారి మీ యూరి గ్రంథాలయమునకు పోయి చూడుడు. స్త్రీలకు బల్ల కలదా, తాళపుచెవి యెవరియొద్ద నున్నది, తలుపు ఏ గంటకు తెఱతురు కనుగొనుడు. బాగున్నచో కూర్చుండుడు, బాగులేనిచో అడుగుడు. పన్ను మనము కట్టుచునే యున్నాము.